ఆఖరి డైవ్ తర్వాత 24 గంటలు: విమానం, అలిపిరి మెట్లు, పరుగు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. చెన్నై నుంచి అండమాన్ వెళ్తున్నారు. హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, మూడు రోజులు రోజుకు రెండు స్కూబా డైవ్‌లు చేస్తారు. ఆఖరి డైవ్ మధ్యాహ్నం ఒంటిగంటకు ముగుస్తుంది. మర్నాడు ఉదయం ఏడున్నరకు పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) నుంచి విమానం. చెన్నైలో దిగిన రోజే తిరుపతి వెళ్లి, అమ్మగారి మొక్కు కోసం సాయంత్రం నాలుగింటికి అలిపిరి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాలి. మారథాన్ శిక్షణలో ఉన్నారు కాబట్టి హావ్‌లాక్‌లోనూ పొద్దున్నే పరుగు మానకూడదని అనుకుంటున్నారు. బెంగళూరులో ఉండే మీ తమ్ముడు పుదుచ్చేరిలో డైవ్ చేసి అదే రోజు కారులో ఇల్లు చేరతాడు. ఇందులో ఏది ప్రమాదం, ఏది కాదు అని మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆఖరి రోజు డైవ్‌లు మానుకోండి, లేదా విమానాన్ని మధ్యాహ్నానికి జరపండి. డైవింగ్ రోజుల్లో పరుగు వద్దు. మెట్లు రెండు రోజుల తర్వాత ఎక్కండి. మీ తమ్ముడి ప్రణాళిక మీ ప్రణాళిక కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఎందుకంటే కారులో వెళ్లేవారికి తాము పైకి ఎక్కుతున్నామనే తోచదు.

పదిహేడేళ్లుగా చెన్నైలో ఉంటూ డైవింగ్ నేర్పుతున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఒక మాట చెబుతాను. పడవ ఎక్కి సిలిండర్ దించేసినంత మాత్రాన డైవ్ ముగిసిపోదు. మీ శరీరం ఇంకా ఒక పగలు, ఒక రాత్రి పాటు ఆ డైవ్‌ను ముగిస్తూనే ఉంటుంది. ఆ సమయంలో మీరు చేసే ప్రతి పనీ డైవ్‌లో భాగమే.

అది ఎందుకో చూద్దాం. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 18 మీటర్ల లోతులో మీ మీద 2.8 రెట్ల పీడనం ఉంటుంది. పీల్చే గాలిలో 79 శాతం నైట్రోజన్. ఆ పీడనానికి తగ్గట్టు అది నెత్తురులో, కండరాల్లో, కొవ్వులో కరుగుతూ పోతుంది. ఇది అన్ని చోట్లా ఒకే వేగంతో జరగదు. వంటింట్లో పెసరపప్పు కాసేపట్లో నానుతుంది, శనగలకు రాత్రంతా కావాలి. నెత్తురు, మెదడు పెసరపప్పు లాంటివి. కీళ్లలోని మృదులాస్థి, స్నాయువులు, కొవ్వు శనగల లాంటివి. పైగా కొవ్వులో నైట్రోజన్ నీటిలో కన్నా సుమారు అయిదు రెట్లు ఎక్కువగా కరుగుతుంది. నెమ్మదిగా నానినది ఆరడమూ నెమ్మదే.

ఈ తేడాను లెక్కల్లోకి మొదట తెచ్చినవాడు బ్రిటన్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్. 1908లో ఆయన ఇచ్చిన పట్టికల్లో శరీరాన్ని అయిదు రకాల కణజాలాలుగా విభజించి, అధికంగా చేరిన నైట్రోజన్‌లో సగం పోవడానికి పట్టే కాలాన్ని 5 నిమిషాల నుంచి 75 నిమిషాల వరకు పెట్టారు. ఈనాటి డైవ్ కంప్యూటర్లు, అంటే డైవర్లు చేతికి కట్టుకుని లోతు, సమయం లెక్క చూసుకునే పరికరాలు, చాలావరకు ఆధారపడే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త బ్యూల్‌మన్ నమూనాలో 16 కణజాలాలు ఉంటాయి. అన్నిటికన్నా నెమ్మదైనదానికి సగం పోవడానికే 635 నిమిషాలు, అంటే పదిన్నర గంటలు కావాలి. మీ 18 గంటలను దీనితో లెక్కవేస్తే, ఆ కణజాలంలో చేరిన అధిక నైట్రోజన్‌లో ఇంకా సుమారు 30 శాతం మిగిలే ఉంటుంది. 24 గంటలు ఆగితే అది 20 శాతానికి వస్తుంది. ఒకే డైవ్ చేసినవారిలో ఈ నెమ్మదైన భాగాలు పెద్దగా నిండవు. మూడు రోజులు వరుసగా దిగినవారిలో ఏ రాత్రీ పూర్తిగా ఖాళీ కాకుండానే మర్నాటి డైవ్ వచ్చి పడుతుంది.

ఇక విమానం. విమానం 35 వేల అడుగుల్లో ఎగిరినా లోపలి గాలిని 6 నుంచి 8 వేల అడుగుల ఎత్తుకు సమానంగా ఉంచుతారు. 8 వేల అడుగుల దగ్గర పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో నాలుగింట మూడు వంతులే. పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చేటప్పుడు సంచిలోని చిప్స్ ప్యాకెట్‌ను చూడండి, దిండులా ఉబ్బి ఉంటుంది. మీ నెత్తురులో ఒక బుడగ ఉంటే అదీ అలాగే దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. ఇంకా కరిగి ఉన్న నైట్రోజన్ కొత్త బుడగలుగా బయటికి రావడానికి దారి దొరుకుతుంది. ఈ బుడగల వల్ల వచ్చే జబ్బునే డికంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. 1670లో రాబర్ట్ బాయిల్ తన గాలి పంపులో ఒక పామును పెట్టి పీడనం తగ్గిస్తే, దాని కంటిలో ఒక బుడగ అటూ ఇటూ కదలడం చూసి రాసుకున్నాడు. ఆ పాము ఏ సముద్రంలోనూ మునగలేదు. పీడనం తగ్గడం ఒక్కటే సరిపోయింది. మనం డైవ్ చేసి మరీ ఎక్కుతున్నాం.

అందుకే డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్, అందరూ డ్యాన్ అనే సంస్థ, ఈ గడువులు చెబుతుంది: డికంప్రెషన్ స్టాప్‌లు, అంటే పైకి వస్తూ నైట్రోజన్ పోవడానికి తప్పక ఆగే విరామాలు, అవసరం లేని ఒకే డైవ్ అయితే కనీసం 12 గంటలు, రోజుకు ఒకటికి మించి, లేదా వరుసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు, డికంప్రెషన్ స్టాప్‌లు తప్పనిసరైన డైవ్‌లకు 18 కన్నా బాగా ఎక్కువ. ‘కనీసం’ అన్న మాటను దయచేసి దాటవేయకండి. ఈ అంకెలకు వెనుక ఉన్న ప్రయోగాలు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జరిగాయి. వాటిలో పాల్గొన్నవారు పొడి ఛాంబర్‌లో, అంటే నీరు లేకుండా గాలి పీడనాన్ని పెంచే గదిలో, కదలకుండా కూర్చున్నారు. చలిలో ఈదలేదు, ప్రవాహానికి ఎదురు వెళ్లలేదు, నిచ్చెన ఎక్కలేదు, ఎండలో పడవ మీద చెమటోడ్చలేదు. మీరు అవన్నీ చేస్తారు. కాబట్టి మీ ఒంటిగంట నుంచి ఏడున్నర వరకు ఉన్న పద్దెనిమిదిన్నర గంటలు కాగితం మీద సరిపోయినా, నా విద్యార్థిని నేను ఆ విమానం ఎక్కనివ్వను. చాలా డైవ్ కంప్యూటర్లు కూడా విమానం గుర్తు పక్కన 24 గంటలనే చూపిస్తాయి. ఆ గుర్తు పోయేదాకా ఆగండి.

నేను ఇంత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. ఆరేళ్ల క్రితం నా దగ్గర నేర్చుకున్న కుర్రవాడు ఒకడు, ముప్పై ఏళ్లవాడు, రోజూ జిమ్‌కు వెళ్లేవాడు, ఇలాగే మూడు రోజులు డైవ్ చేశాడు. ఆఖరి డైవ్ మధ్యాహ్నం మూడింటికి, విమానం మర్నాడు ఉదయం ఆరున్నరకు. టికెట్, డైవింగ్ కలిపి ఏర్పాటు చేసినవారు ఏమీ కాదన్నారు. విమానంలో ఎడమ భుజం లోపల ఎక్కడో మొద్దుగా నొప్పి మొదలైంది. సిలిండర్ మోసినందువల్ల అనుకున్నాడు. చెన్నైలో దిగేసరికి తగ్గింది. తగ్గడంతోనే అతను మోసపోయాడు. కిందికి దిగితే పీడనం పెరిగి బుడగ కుదించుకుంటుంది, జబ్బు పోదు. మర్నాడు జిమ్‌కు వెళ్లి బరువులు ఎత్తాడు. ఆ సాయంత్రం వైద్యుడి దగ్గరికి వెళ్తే, డైవింగ్ సంగతి చెప్పకపోవడంతో కండరం పట్టేసిందని నొప్పి మాత్రలు ఇచ్చారు. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను చేశాడు. నేను వెళ్లేసరికి మంచం అంచున కూర్చుని, చొక్కా గుండీ పెట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు గుండీ మీద నుంచి జారిపోతున్నాయి. వేళ్లను చూస్తున్నాడు కానీ అవి గుండీని తాకినట్టు అతనికి తెలియడం లేదు. ఛాంబర్‌లో మొదట 18 మీటర్ల లోతుకు సమానమైన పీడనం కింద, తర్వాత తక్కువ పీడనంలో, విడతలుగా స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ దాదాపు అయిదు గంటలు ఉన్నాడు. మర్నాడు మళ్లీ. కోలుకున్నాడు, కానీ వేళ్ల చివర్లలో తిమ్మిరి పోవడానికి రెండు నెలలు పట్టింది. విమానం మార్చుకుంటే డబ్బు ఎక్కువ ఖర్చవుతుందని అతనికి భయం. నా విద్యార్థికి నేనే గట్టిగా చెప్పి ఉండవలసింది. అందుకే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

వ్యాయామం విషయానికి వద్దాం. దీని గురించి తప్పుడు నమ్మకాలు ఎక్కువ. ‘బాగా చెమట పడితే నైట్రోజన్ తొందరగా పోతుంది’ అని నాతో వాదించినవారు ఉన్నారు. వ్యాయామం మంచిదా చెడ్డదా అన్నది ఎప్పుడు చేశారన్న దాని మీద ఆధారపడుతుంది. లోతులో ఉన్నప్పుడు గట్టిగా ఈదితే కండరాలకు నెత్తురు ఎక్కువ వెళ్తుంది, నైట్రోజన్ ఎక్కువ చేరుతుంది. పైకి వస్తూ 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లో నెమ్మదిగా కాళ్లు ఆడించడం మాత్రం మేలు, అప్పుడు నెత్తురు ప్రవాహం నైట్రోజన్‌ను బయటికి తీసుకుపోతుంది. బయటికి వచ్చాక కఠినమైన వ్యాయామం చేస్తే రెండు విధాల చెరుపు. కండరాలు, కీళ్లు బలంగా కదిలిన చోట బుడగలు పుట్టడం సులువవుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. సిరల్లో చిన్న చిన్న బుడగలు లక్షణాలేవీ లేని డైవర్లలోనూ కనిపిస్తాయి. మామూలుగా ఊపిరితిత్తులు వాటిని వడగట్టేస్తాయి. కానీ దాదాపు నలుగురిలో ఒకరికి గుండె పైగదుల మధ్య, పుట్టుకకు ముందు ఉండే చిన్న ద్వారం పూర్తిగా మూసుకుపోదు. దాన్ని పీఎఫ్‌ఓ అంటారు. చాలామందికి అది ఉన్నట్టు జీవితాంతం తెలియదు. ఊపిరి బిగబట్టి బరువు ఎత్తినప్పుడు, ముక్కినప్పుడు ఆ ద్వారం తెరుచుకుని బుడగలు వడపోతను తప్పించుకుని నేరుగా మెదడు వైపు, వెన్నుపాము వైపు వెళ్లగలవు. పీఎఫ్‌ఓ లేనివారిలోనూ కఠిన వ్యాయామంలో ఊపిరితిత్తుల్లోని కొన్ని అడ్డదారులు తెరుచుకుంటాయి.

బుడగలు ఎక్కువగా ఉండేది పైకి వచ్చిన మొదటి రెండు గంటల్లో. సరిగ్గా ఆ సమయంలోనే మనవాళ్లు పడవ నిచ్చెన మీద పదిహేను కిలోల సిలిండర్, నడుముకు సీసపు బరువులతో ఎక్కి, తర్వాత ఒడ్డున సామాను మోస్తారు. హావ్‌లాక్‌లో మీరు ఒక పని చేయండి. నీటిలో ఉండగానే బరువుల పట్టీ, ఆ తర్వాత సిలిండర్ జాకెట్ విప్పి పడవలోని వారికి అందించి, ఖాళీ ఒంటితో నిచ్చెన ఎక్కండి. అడిగితే ఎవరూ కాదనరు.

మీ పొద్దుటి పరుగు గురించి. డైవ్‌కు ముందు 24 గంటల్లో, తర్వాత 24 గంటల్లో కఠినమైన వ్యాయామం వద్దన్నది పాటించదగిన నియమం. రోజూ డైవ్ చేస్తున్నారంటే ఆ మూడు రోజులూ పరుగు లేనట్టే. డైవ్‌కు ఒకరోజు ముందు చేసిన వ్యాయామం బుడగలను తగ్గించవచ్చని నార్వే, క్రొయేషియా పరిశోధకులు ఎలుకల మీద, మనుషుల మీద చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. అది మంచి కబురే. మీరు చెన్నైలో బయలుదేరే ముందురోజు ఇలియట్స్ బీచ్‌లో హాయిగా పరుగెత్తి రండి. అక్కడికి చేరాక సాయంత్రం తీరం వెంబడి తీరిగ్గా నడవండి. మూడు రోజుల విరామానికి మీ మారథాన్ కాళ్లు ఏమీ మరచిపోవు. యోగా చేస్తే ఆసనాలు చాలు. కుంభకం, కపాలభాతి లాంటి బిగింపులున్నవి ఆ రోజుల్లో నేను ఎవరినీ చేయనివ్వను.

అలిపిరి మెట్ల గురించి మీకు కొంచెం వివరంగా చెప్పాలి. మీ లెక్కలో డైవ్ ముగిసిన 27 గంటలకు మెట్లు మొదలవుతాయి, 24 దాటింది కదా అంటారు. గంటలు సరిపోతాయి, ఒప్పుకుంటాను. కానీ నడుమ ఒక విమాన ప్రయాణం జరిగింది, నిద్ర చాలలేదు, ఒంట్లో నీరు తగ్గింది. ఆ మీదట 3,550 మెట్లు. మోకాళ్లు పట్టేస్తాయి, పిక్కలు రాళ్లవుతాయి, రాత్రికి అరికాళ్లు మంటపుడతాయి. అప్పుడు మోకాలిలో నొప్పి వస్తే అది మెట్ల వల్లనో నైట్రోజన్ వల్లనో మీరు చెప్పలేరు, నేను చెప్పలేను, వైద్యుడూ వెంటనే చెప్పలేడు. ఆ అయోమయంలో పోయే ప్రతి గంటా చికిత్సను కష్టం చేస్తుంది. పైగా తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. ఇంటికి చేరాక రెండు రోజులు విశ్రాంతి తీసుకుని వెళ్లండి. అండమాన్‌కు ముందే మొక్కు తీర్చుకుందామన్నా మంచిదే, అయితే కాళ్ల నొప్పులు పూర్తిగా తగ్గాకే డైవ్‌కు దిగాలి. కారణం అదే. అమ్మగారికి విషయం చెబితే ఆవిడే ముందు వద్దంటారు.

మీ తమ్ముడి సంగతి. పుదుచ్చేరి సముద్రమట్టంలో ఉంది. చెన్నైకి ఈసీఆర్ మీద తిరిగి వచ్చేవారికి ఏ ఇబ్బందీ లేదు, దారంతా తీరమే. బెంగళూరు మాత్రం సుమారు 920 మీటర్లు, అంటే 3,000 అడుగులు. తిరువణ్ణామలై దాటి కృష్ణగిరి నుంచి హోసూరు వరకు రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది, కానీ వెడల్పాటి రహదారి మీద కారులో పాట వింటూ వెళ్లేవారికి అది తెలియదు. డ్యాన్ గడువులు 610 మీటర్లు, అంటే 2,000 అడుగుల నుంచే మొదలవుతాయి. అమెరికా నౌకాదళం తన డైవింగ్ మాన్యువల్‌లో వెయ్యి అడుగుల నుంచే ఎత్తుకు వెళ్లడానికి వేరే పట్టిక ఇస్తుంది. బెంగళూరులో పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు 90 శాతం. విమానమంత తీవ్రం కాదు నిజమే, కానీ డైవ్ ముగిసిన అయిదారు గంటలకే అక్కడికి చేరుతున్నాడు. శనివారం రెండు డైవ్‌లు చేసి, ఆ రాత్రి పుదుచ్చేరిలోనే ఉండి, ఆదివారం మధ్యాహ్నం బయలుదేరమనండి. ఆదివారం డైవ్ లేకుండా సముద్రతీరంలో తిరగమనండి. మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికి వెళ్లి రాత్రి బస్సులో పశ్చిమ కనుమలు ఎక్కి వచ్చే బెంగళూరువారికీ, విశాఖలో డైవ్ చేసి సాయంత్రం అరకు వెళ్దామనుకునేవారికీ ఇదే వర్తిస్తుంది.

విమానంలో వెళ్లి మర్నాడు డైవ్ చేయడంలో ఈ గొడవ లేదు. నిద్ర చాలించుకుని, నీళ్లు తాగి దిగండి. నీటి పైనే తేలుతూ గొట్టంతో గాలి పీల్చే స్నార్కెలింగ్‌కు ఏ గడువూ లేదు. నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ పాలు పెంచిన గాలి, వాడితే నైట్రోజన్ తక్కువ చేరుతుంది, అయినా గడువు తగ్గించకండి. డైవ్ అయ్యాక వెంటనే వేడినీళ్ల స్నానం, మద్యం వద్దు. పోర్ట్ బ్లెయిర్‌కు హెలికాప్టర్‌లో కాకుండా ఓడలో రండి. మీతో వచ్చే స్నేహితులు ఒక్కసారి సరదాగా ‘ట్రై డైవ్’ చేసి మధ్యాహ్నమే విమానం ఎక్కుదామంటే ఒప్పుకోకండి. ఎనిమిది మీటర్లే కదా అని చెప్పే వ్యాపారులను చూసి నాకు కడుపు మండుతుంది. ఒక్క డైవ్‌కైనా 12 గంటలు కావాలి.

డికంప్రెషన్ సిక్‌నెస్ లక్షణాలు గుర్తుపెట్టుకోండి. భుజం, మోచేయి, మోకాలిలో ఎక్కడ నొక్కినా మారని మొద్దు నొప్పి, పనికి మించిన అలసట, తిమ్మిరి, తల తిరగడం, చర్మం మీద పాలరాయి చారల్లాంటి మచ్చలు, కాళ్లలో బలహీనత, మూత్రం రాకపోవడం. అమెరికా నౌకాదళం లెక్కల్లో 42 శాతం కేసులు మొదటి గంటలోనే, 98 శాతం 24 గంటల్లో బయటపడ్డాయి. ఏదైనా అనుమానం వస్తే విమానం ఎక్కకండి. పడుకోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇమ్మని డైవ్ పడవలోనే అడగండి. ఆక్సిజన్‌తో బాగున్నట్టు అనిపించినా ఛాంబర్ ఉన్న చోట చూపించుకోవాలి. విమానంలో మొదలైతే వెంటనే సిబ్బందికి చెప్పండి, దిగాక నొప్పి తగ్గినా వదిలేయకండి. ఆసుపత్రిలో నోరు తెరవగానే మొదటి మాట ‘నేను డైవ్ చేసి వచ్చాను’ అని ఉండాలి.

ఒక చిన్న కాగితం మీద ఆఖరి మూడు డైవ్‌ల లోతు, ఎన్ని నిమిషాలు, నీటిపైకి వచ్చిన సమయం రాసి చొక్కా జేబులో పెట్టుకోండి, డైవ్ కంప్యూటర్‌ను సామానులో వేయకుండా చేతికే ఉంచుకోండి. టికెట్ మార్చుకున్నాక కొత్త సమయం ఇక్కడ రాయండి, మీ మూడు రోజుల డైవ్‌ల వరుస కూడా నేను ఒకసారి చూస్తాను.